ఏడో కన్నం

నర్సాపురం స్టీమరు రోడ్డులో తాతాలు గారి కొట్టు.
డప్పులు, తాళాలు, తిత్తి చిరిగిన హార్మోనియాలు.
లేసు మూట ఏజెంటుకి అప్పజెప్పి
తిన్నగా అక్కడికే వెళ్ళాను.

"మౌత్ ఆర్గాన్ చూపించండి."
"బాబుకాండి?"
"నాకే."
కళ్ళజోడు సవరించుకున్నారు.
"ఆయ్" అన్నారు. ఇంకేం అనలేదు.

అద్దాల బల్ల మీద మూడు పెట్టారు.

ఒకటి జానెడు పొడుగు, రెండు వరసల కన్నాలు.
స్వరానికి రెండేసి రేకులు,
ఒకదానికీ ఇంకోదానికీ వెంట్రుకవాసి తేడా.
అందుకే వణుకుతుంది,
పడవ వెళ్ళిపోయాక రేవులో నీళ్ళలాగ.
నాలుగు వందల యాభై.
సినిమా పాటలకి దీన్ని మించింది లేదుట.

రెండోది నిగనిగలాడుతూ బరువుగా ఉంది. పక్కన మీట.
నొక్కితే నల్లమెట్ల స్వరాలు కూడా పలుకుతాయి.
అయిదు వేలు.
లెక్క దానంతటదే జరిగిపోయింది:
డజను పువ్వులకి నలభై చొప్పున
నూట పాతిక డజన్లు.
మీట వంక చూసి నా చూపుడువేలు వంక చూశాను,
కొక్కెం సూది ఒరుసుకుని కాయ కాసిన వేలు.
"ఇది ఖాళీగా ఉండదండి" అన్నాను.

మూడోది రెండు అగ్గిపెట్టెలు కలిపినంత.
పది కన్నాలు.
"కింది స్థాయిలో రెండు స్వరాలుండవండి,
దాచడం దేనికి" అని ముందే చెప్పేశారు.
లోపలి పట్టీ చెక్కదా, ప్లాస్టిక్కుదా అని అడిగారు.
శ్రావణంలో మా వీధి తలుపు గుర్తొచ్చింది,
భుజం పెట్టి తోస్తేగాని రాదు.
ఊపిరి తడికీ ఉప్పుగాలికీ చెక్కేం ఆగుతుంది?
ప్లాస్టిక్కే ఇమ్మన్నాను.

"మీరు వాయించే తీరు ఎలాంటిదండి?"
ఏం చెప్పను, ఇంతవరకూ వాయించనేలేదు.
ఒకసారి పంటు మీద
సఖినేటిపల్లి కుర్రాడెవరో వాయిస్తుంటే విన్నాను.
అవతలి రేవు వచ్చేసింది. పాట సగంలో ఉండిపోయింది.
నాకా, ఒళ్ళో దారం, రెండు చేతులూ అందులోనే.
పక్కగదిలో అత్తగారి మధ్యాహ్నపు నిద్ర.
చేతులకి పనుంది, కళ్ళకుంది,
నోరొక్కటే ఉత్తినే కూర్చుంటుంది.
అదీ నా తీరు.

"అందరూ మొదట సి శ్రుతి పట్టుకెళతారండి."
"ఇంకాస్త మంద్రంగా ఉన్నది లేదా?"
అట్టపెట్టెల అడుగు నుంచి
జి అని రాసున్నది తీసి దుమ్ము దులిపారు.
ఆరువందల ఎనభై.

నోట పెట్టి చూడనివ్వరు.
కొలిమి తిత్తికి మనవరాలిలాంటి చిన్న తిత్తి ఉంది,
దాన్ని కన్నానికి ఆనించి నొక్కితే ఒక స్వరం,
వదిలితే ఇంకొకటి.
వేణువుకి ఊదిన గాలితోనే పని.
దీనికి పీల్చినా పాటే.
మా రేవులో వశిష్ట రోజూ చేసేదీ అదే,
పోటుకి ఒకలా, పాటుకి ఒకలా.

ఏడో కన్నం దగ్గర గొంతు జీరబోయింది.
మళ్ళీ నొక్కారు. మళ్ళీ అంతే.
"వేరేది తెప్పిస్తానండి, నెల పడుతుంది."
"దీనికెంత తగ్గిస్తారు?"
నలభై తగ్గించారు.

దారపు ఉండ విప్పాను.
విప్పుతూ పోతే మధ్యలో
మడతలు పెట్టిన నోట్లు, ఏడువందల యాభై.
తాతాలు గారు మర్యాదగా వీధిలోకి చూశారు.
మెడకి తగిలించుకునే స్టాండు ఆరువందలన్నారు.
మిగిలింది నూట పది.
సైకిల్ షాపు బులివీర్రాజు
రెండు పుల్లలు వంచి, బోల్టు బిగించి
యాభైకి చేసిచ్చాడు.
దేనికక్కా అని అడిగాడు. చెప్పలేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు
గొలుసు కుట్టు, గొలుసు కుట్టు, ఒక ముడి,
గాలి లోపలికి, గాలి బయటికి.
సగంలో ఉండిపోయిన ఆ పాట
ఇంకో నాలుగు కుట్లు ముందుకి జరిగింది.
ఏడో కన్నం దగ్గర ఒక కుట్టు తప్పుతోంది.
దాని పక్క నుంచి అల్లుకుపోతున్నాను.

మొన్న అత్తగారు నిద్రలోంచే అడిగారు,
"ఎవరే అది, గొంతు పోయినట్టుందీ?"
కాసేపు ఆగాను.
"వాయించు, వాయించు" అని
అటు తిరిగి పడుకున్నారు.